మీ ఊరి చెరువుకు, వాగుకు ఉన్న నంబర్లు కనుక్కోవడం ఎలా?

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల మీద కురిసిన వాన రెండు దారులు పడుతుంది. ఒక వైపు జారిన నీరు మూసీ అయి, హైదరాబాద్ మీదుగా పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఇంకో వైపు జారిన నీరు కాగ్నాలో చేరి, తాండూరు దాటి కర్ణాటకలోకి వెళ్లి భీమాలో కలుస్తుంది. భీమా కూడా చివరికి చేరేది కృష్ణలోకే. అయినా నీటి పంపకాల లెక్కలో ఈ రెంటి ఖాతాలు, అంటే ఉప బేసిన్లు (పెద్ద నదికి నీరు తెచ్చే ప్రాంతంలోని భాగాలు), వేరు. మూసీది కె-10. కాగ్నా ఉన్న దిగువ భీమాది కె-6. కాగ్నా పరీవాహకం నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఏడాదికి 6 టీఎంసీలకు మించి వాడకూడదని కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ప్రత్యేకంగా రాసిపెట్టింది. మూసీకి అలాంటి ఆంక్ష పెట్టలేదు.

నీటికి హద్దు గీయాలన్నా, వాటా తేల్చాలన్నా, చెరువులో మట్టి పోసిన వాళ్లను ఆపాలన్నా ముందు ఆ నీరు ఏదో తిరుగులేకుండా చెప్పగలగాలి. పేరు ఒక్కటే సరిపోదు. పెద్దచెరువు, ఊరచెరువు, కొత్తకుంట అనే పేర్లు ఒకే మండలంలో నాలుగు ఊళ్లకు ఉంటాయి. 2017-18ని ప్రాతిపదికగా తీసుకుని కేంద్రం జరిపిన తొలి జలవనరుల గణనలో దేశమంతటా 24,24,540 చెరువులు, కుంటలు, జలాశయాలు లెక్కకు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1,90,777, తెలంగాణలో 64,056. ఇన్నిటిలో మీ చెరువు ఏదో చెప్పడానికి నంబరు కావాలి.

చిక్కు ఏమిటంటే నంబరు ఒకటి కాదు. రెవెన్యూ శాఖ దగ్గర సర్వే నంబరు, నీటిపారుదల శాఖ దగ్గర నీటిమట్టం, నగరాభివృద్ధి సంస్థ దగ్గర చెరువు ఐడీ, ట్రిబ్యునల్ తీర్పులో ఉప బేసిన్ నంబరు, నేల సర్వే వాళ్ల దగ్గర వాటర్‌షెడ్ (ఒకే వాగులోకి వాన నీరు చేరే నేల) కోడ్ ఉంటాయి. ఒక శాఖ కాగితంలో రెండో శాఖ నంబరు సాధారణంగా కనబడదు. ఆక్రమణలు నిలదొక్కుకునేది ఈ సందులోనే. కాబట్టి మన పని కొత్త నంబరు పుట్టించడం కాదు. ఉన్న నంబర్లన్నిటినీ తెచ్చి ఒకే కాగితం మీద పెట్టడం. దానికి చెరువు పత్రం అని పేరు పెట్టుకుందాం. ఎవరైనా చేయగలిగిన పనే. ఇంజినీరు కానక్కరలేదు.

1. ముందు అది ఏ రకం నీరో తేల్చండి

నది, ఏరు, వాగు, వంక, గెడ్డ ఇవి పారేవి. చెరువు, కుంట, మడుగు, సరస్సు నిలిచేవి. ఊళ్లో ఏ పేరుతో పిలిచినా ఫరవాలేదు గానీ, చట్టం దగ్గరికి వచ్చేసరికి పారేదా నిలిచేదా, సహజమా మనిషి కట్టిందా అన్న రెండు ప్రశ్నలకు జవాబు ఉండాలి.

ఇస్రో రూపొందించిన జాతీయ చిత్తడి నేలల అట్లాసులో ఈ విభజనకు నాలుగంకెల కోడ్ ఉంది. మొదటి అంకె 1 అయితే లోపలి భూభాగం, 2 అయితే తీర ప్రాంతం. రెండో అంకె 1 అయితే సహజం, 2 అయితే మనుషులు నిర్మించినది. చివరి రెండు అంకెలు రకాన్ని చెబుతాయి. సహజమైన సరస్సు 1101. నది లేదా వాగు 1106. జలాశయం, బ్యారేజీ 1201. కట్ట కట్టి నిలిపిన మామూలు చెరువు 1202. పులికాట్ వంటి ఉప్పునీటి కయ్య 2101. తీరంలోని రొయ్యల, చేపల చెరువులు 2202. మన రెండు రాష్ట్రాల్లో అత్యధికం 1202లే. కాకతీయులు తవ్వించిన రామప్ప, పాఖాల కూడా మనిషి కట్టినవే.

ఈ అట్లాసు 2.25 హెక్టార్లు మించిన వాటికే హద్దులు గీసింది. అంతకంటే చిన్నవి పటం మీద చుక్కలుగానే మిగిలాయి. మీది చిన్న కుంట అయితే అందులో దాని రూపం కనబడదు. అలాగని అది లేనట్టు కాదు. గ్రామ నక్షలో ఉంటుంది.

2. నీరు ఎటు పోతుందో నడిచి చూడండి

కంప్యూటర్ ముందు కూర్చోవడానికి ముందు చెరువు అలుగు దగ్గర నిలబడండి. తెలంగాణలో మత్తడి అంటారు, కోస్తాలో కళింగ అన్న మాటా ఉంది. వానాకాలంలో నీరు అక్కడి నుంచి పొర్లి ఎటు పోతుంది? కింద ఏ చెరువులో పడుతుంది? ఆ చెరువు నిండితే నీరు ఏ వాగులో కలుస్తుంది? ఆ వాగు ఏ నదిని చేరుతుంది? వృద్ధ రైతులు, చెరువు నీళ్లు పంచే నీరటికాళ్లు ఈ వరుసను కళ్లు మూసుకుని చెప్పగలరు. ఇప్పుడే వెళ్లి అడగండి. వాళ్ల తర్వాత ఈ వరుస చెప్పగలిగేవాళ్లు చాలా ఊళ్లలో మిగలరు.

వాళ్లు చెప్పిన దారిని సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటంతో సరిచూసుకోండి. ఈ పటాల పాత నంబర్లలోనూ ఒక క్రమం ఉంది. 56 అనేది నాలుగు డిగ్రీల పెద్ద పలక. దాన్ని 16 అక్షరాల గళ్లుగా, ఒక్కో గడిని మళ్లీ 16 షీట్లుగా చేశారు. హైదరాబాద్ నడిబొడ్డు 56కె/7 షీటులో ఉంటుంది. ఈ కె పటం గడి పేరు. కృష్ణా ఉప బేసిన్ల కె-10తో దీనికి సంబంధం లేదు. రెండూ ఒకే దరఖాస్తులో వస్తే గుమాస్తాలు కలగాపులగం చేస్తారు, కాబట్టి ఏది ఏమిటో విడమరిచి రాయండి.

నది తెలిసిందంటే ఉప బేసిన్ నంబరు దొరికినట్టే. కృష్ణను బచావత్ ట్రిబ్యునల్ ఎగువ నుంచి దిగువకు 12 ఉప బేసిన్లుగా విభజించింది. కె-1 ఎగువ కృష్ణ, కె-2 మధ్య కృష్ణ, కె-3 ఘటప్రభ, కె-4 మలప్రభ, కె-5 ఎగువ భీమా, కె-6 దిగువ భీమా, కె-7 దిగువ కృష్ణ, కె-8 తుంగభద్ర, కె-9 వేదవతి, కె-10 మూసీ, కె-11 పాలేరు, కె-12 మున్నేరు. గోదావరిని కూడా ఇలాగే 12 చేశారు. జి-1 ఎగువ గోదావరి, జి-2 ప్రవర, జి-3 పూర్ణ, జి-4 మంజీర, జి-5 మధ్య గోదావరి, జి-6 మానేరు, జి-7 పెన్‌గంగ, జి-8 వార్ధా, జి-9 ప్రాణహిత, జి-10 దిగువ గోదావరి, జి-11 ఇంద్రావతి, జి-12 శబరి.

అంటే కర్నూలు హంద్రీ తుంగభద్రలో కలుస్తుంది కాబట్టి దాని నీరు కె-8. అనంతపురం జిల్లా భైరవానితిప్ప జలాశయం నీరు కె-9. సీలేరు శబరిలోకి పోతుంది కాబట్టి జి-12. పటాన్‌చెరు వైపు నక్కవాగు మంజీరలో కలుస్తుంది కాబట్టి జి-4. హైదరాబాద్ వాసులు చాలామంది తామంతా మూసీ నీళ్ల మీదే ఉన్నామనుకుంటారు. నగరం పడమటి కొస గోదావరి బేసిన్‌లో ఉందని ఈ ఒక్క వాగు చెబుతుంది. మీ కాలనీ ఏ వైపో తెలియకుండా మురుగునీటి మీద ఫిర్యాదు రాస్తే అది తప్పు చోటికి పోవచ్చు.

ఈ నంబర్లు పటంలో అందం కోసం పెట్టినవి కావు. బచావత్ ట్రిబ్యునల్ 1976 తుది ఉత్తర్వులో 75 శాతం నమ్మకంతో, అంటే నూటికి 75 ఏళ్లు, కృష్ణలో 2060 టీఎంసీలు ఉంటాయని లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించారు. ఆ మొత్తం లోపలే ఉప బేసిన్ల వారీగా పగ్గాలు వేశారు. మహారాష్ట్ర కె-5 నుంచి 95 టీఎంసీలు దాటకూడదు. కర్ణాటక కె-8 నుంచి 295 దాటకూడదు. ఆంధ్రప్రదేశ్ కె-8 నుంచి 127.5, కె-9 నుంచి 12.5 దాటకూడదు. మొత్తం వాటాలో మిగులు ఉన్నా తుంగభద్రలో పరిమితి దాటితే తప్పే. ఉప బేసిన్‌కు ప్రత్యేకంగా నంబరు లేకపోతే ఇలాంటి షరతు రాయడం సాధ్యం కాదు.

ఒక జాగ్రత్త. కేంద్ర జల సంఘం పటాల్లో కృష్ణకు 12 బదులు 7 ఉప బేసిన్లే కనిపిస్తాయి. అక్కడ మూసీకి వేరే గడి లేదు, దిగువ కృష్ణలో కలిపేశారు. రెండూ సరైనవే. ఏ పటం నుంచి తీసుకున్నారో పక్కన రాసుకోండి. మీ వాగు గుండ్లకమ్మ, నాగావళి, వంశధార వంటి నదుల్లోకి పోతే కె, జి నంబర్ల కోసం వెతకకండి. అవి నేరుగా సముద్రంలో కలిసే నదులు, వాటిని తూర్పు తీర నదులుగా వేరే బేసిన్లలో చేర్చారు.

నేల సంరక్షణ పథకాల కాగితాల్లో ఇంకో రకం కోడ్ ఎదురవుతుంది. అఖిల భారత నేల, భూ వినియోగ సర్వే సంస్థ దేశాన్ని 6 జల ప్రాంతాలు, 35 బేసిన్లు, 112 పరీవాహకాలు, 500 ఉప పరీవాహకాలు, 3237 వాటర్‌షెడ్లుగా విడగొట్టింది. అంకె, అక్షరం, అంకె, అక్షరం ఇలా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. 4డి అని మొదలైతే కృష్ణ, 4ఈ అని మొదలైతే గోదావరి. కోడ్ ఎంత పొడుగైతే అంత చిన్న చోటు. మండల వ్యవసాయ, ఉపాధి హామీ కార్యాలయాల్లో మీ గ్రామ వాటర్‌షెడ్ నివేదిక ఉంటే అందులో ఇది దొరుకుతుంది.

3. వాగులకు మీరే వరుస సంఖ్యలు వేయండి

చెరువుకు ఏదో ఒక నంబరు దొరుకుతుంది. రెండు చెరువులను కలిపే వాగుకే చాలాసార్లు ఏమీ దొరకదు. నా దృష్టిలో మన వ్యవస్థలోని అతి పెద్ద లోటు ఇదే. గొలుసుకట్టు చెరువుల బలమంతా ఆ కాలువల్లో ఉంది. పై చెరువు నుంచి వచ్చే కాలువ పూడిపోతే కింది చెరువు ఎండుతుంది, అలుగు కింది కాలువ పూడిపోతే కాలనీ మునుగుతుంది. చెరువు హద్దులు గీసి కాలువను వదిలేస్తే కాపాడింది సగమే.

అందుకని పటం మీద పలుచని కాగితం వేసి వాగుల గీతలన్నీ దించుకోండి. ముందుగా స్ట్రాలర్ పద్ధతిలో శ్రేణి వేయండి. ఏ ఉపవాగూ కలవని కొస వాగు 1. రెండు ఒకటో శ్రేణి వాగులు కలిస్తే 2. రెండు రెండో శ్రేణివి కలిస్తే 3. రెండో శ్రేణిలో ఒకటో శ్రేణి వచ్చి కలిస్తే రెండు రెండుగానే ఉంటుంది, పెరగదు. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. పటం స్కేలు మారితే శ్రేణి కూడా మారుతుంది. చిన్న పటంలో లేని కొస వాగులు పెద్ద పటంలో కనిపిస్తాయి మరి. అందుకే శ్రేణి పక్కన పటం నంబరు తప్పక వేయాలి.

శ్రేణి వాగు పరిమాణాన్ని చెబుతుంది గానీ దాన్ని గుర్తుపట్టడానికి పనికిరాదు. ఒకటో శ్రేణి వాగులు వందలు ఉంటాయి. గుర్తింపుకు వరుస నంబరు కావాలి. నదీముఖం నుంచి ఎగువకు లెక్కపెట్టడం మంచి పద్ధతి. వాగు ఎక్కడ కలుస్తుందో అందరికీ కనిపిస్తుంది, ఎక్కడ పుడుతుందో మాత్రం పది మంది పది చోట్లు చూపిస్తారు. కదలని చోటు నుంచి లెక్క మొదలుపెడితే నంబరు కదలదు. ప్రధాన వాగులో కింది నుంచి మొదట కలిసేది 1, తర్వాతిది 2. ఒకటిలో కలిసే పిల్లవాగులు 1-1, 1-2. నీరు పారే వైపు ముఖం పెట్టి నిలబడితే కుడిచేతి పక్కది కుడి గట్టు. ఎదురు తిరిగి నిలబడితే గట్లు తారుమారవుతాయి, కాబట్టి నంబరు పక్కన ఎడమ, కుడి అని రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ప్రపంచమంతా వాడే పద్ధతి ఒకటి ఇదే సూత్రం మీద నడుస్తుంది. బ్రెజిల్‌కు చెందిన ఓటో ఫాఫ్‌స్టెటర్ 1989లో దాన్ని రూపొందించాడు. ఒక నదికి విస్తీర్ణంలో అతి పెద్దవైన నాలుగు ఉపనదులను ఎంచి, ముఖం నుంచి ఎగువకు 2, 4, 6, 8 వేయాలి. వాటి మధ్య ప్రధాన నది ముక్కలకు 1, 3, 5, 7, 9. కృష్ణకు వేసి చూద్దాం. తుంగభద్ర వేదవతితో కలిపి 71,417 చదరపు కిలోమీటర్లు, భీమా 70,614, మలప్రభ 11,549, మూసీ 11,212. మున్నేరు 10,409తో కొద్దిలో ఐదో స్థానానికి జారింది. ముఖం నుంచి పైకి పోతే మూసీ 2, తుంగభద్ర 4, భీమా 6, మలప్రభ 8. ఇప్పుడు మూసీని తీసుకుని మళ్లీ నాలుగు ఉపనదులు ఎంచితే 22, 24, 26, 28 వస్తాయి. సరి సంఖ్యతో ముగిస్తే ఉపనది, బేసి సంఖ్యతో ముగిస్తే ప్రధాన నది ముక్క. ఇందులో నాకు బాగా నచ్చేది వేరే ఉంది. ఒక చోట కాలుష్యం కలిస్తే అది దిగువన ఏయే ముక్కలను తాకుతుందో పటం చూడకుండా అంకెలను బట్టే చెప్పవచ్చు. మూసీ మురికి 1వ ముక్కలోకి వస్తుంది, 3లోకి ఎప్పటికీ రాదు.

4. రెవెన్యూ కాగితాల్లో వెతకండి

కోర్టులో నిలబడేవి ఎక్కువగా ఈ కాగితాలే, అందుకని ఇక్కడ తొందరపడవద్దు.

తెలంగాణలో అయితే గ్రామ నక్ష (ఊరి పటం), సేత్వార్ (తొలి సర్వే రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (సాగు, హక్కుల రికార్డు), ఆ తర్వాతి పహాణీలు కావాలి. చెరువు మునక భూమిని వీటిలో శిఖం అని రాస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ పటం, ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), అడంగల్, ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) చూడాలి. అక్కడ చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, కాలువ పోరంబోకు అని వేర్వేరుగా ఉంటుంది. భూభారతి, మీభూమి పోర్టళ్లు ఇప్పటి పరిస్థితిని చూపిస్తాయి. మనకు కావలసింది పాత స్థితి కూడా. 1954-55లో శిఖం అని ఉన్న సర్వే నంబరు ఈ రోజు పట్టాగా కనిపిస్తే, ఏ సంవత్సరం పహాణీలో మారిందో ఒక్కొక్కటిగా వెనక్కు వెళ్లి పట్టుకోవాలి. ఓపిక పరీక్షించే పనే గానీ దీనికి దగ్గరి దారి లేదు.

చూడవలసినవి మూడు. ఒకటి, చెరువు ఎన్ని సర్వే నంబర్లలో, ఎన్ని ఊళ్లలో ఉంది? పెద్ద చెరువుల కట్ట ఒక ఊళ్లో, మునక ఇంకో ఊళ్లో ఉండటం మామూలే. రెండో ఊరి రికార్డు చూడకపోతే చెరువులో సగం మీ లెక్కలోకి రాదు. రెండు, శిఖం విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లో ఎంత? ఆ అంకెను యథాతథంగా దించుకోండి, హెక్టార్లలోకి మార్చింది పక్కన వేరేగా రాయండి. మూడు, వాగు. కొన్ని నక్షల్లో వాగుకు సొంత సర్వే నంబరు ఉండదు. నంబర్ల మధ్య జంట గీతలుగా మాత్రమే కనిపిస్తుంది. అప్పుడు దానికి అటూ ఇటూ ఉన్న సర్వే నంబర్లను వరుసగా రాయండి. ‘సర్వే నంబరు ఫలానా, ఫలానా మధ్య పారే వాగు’ అన్నదే దాని గుర్తింపు. మూడో అడుగులో మీరు వేసిన వరుస నంబరును ఇక్కడ జతచేస్తే ఆ పేరులేని నీటి పట్టీకి మొదటిసారి ఒక చిరునామా వస్తుంది.

చెరువు లోపల పట్టా భూములు కూడా ఉండవచ్చు. నీరు తగ్గినప్పుడు అందులో సాగు చేసుకునే హక్కు ఆ రైతులకు ఉంటుంది, కట్టడాలు మాత్రం కట్టకూడదు. వాళ్లను ఆక్రమణదారుల జాబితాలో కలపడం అన్యాయం. పత్రంలో శిఖం సర్కారీ, శిఖం పట్టా అని వేర్వేరు వరుసలు పెట్టండి.

5. నీటిమట్టం అంకె పట్టుకోండి

శిఖం విస్తీర్ణం రెవెన్యూ చెప్పే హద్దు. నీరు చెప్పే హద్దు ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నీటిమట్టం. ఈ రెండు గీతలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. తగాదాల్లో ఎక్కువ భాగం ఈ తేడా నుంచే పుడతాయి.

ఎఫ్‌టీఎల్ అనేది సముద్ర మట్టం నుంచి కొలిచిన ఎత్తు. హుస్సేన్‌సాగర్‌కు 513.41 మీటర్లు. ఉస్మాన్‌సాగర్‌కు 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌కు 1763.5 అడుగులు. ఆ ఎత్తులో చెరువు చుట్టూ గీసిన గీత లోపలి భూమి అంతా చెరువే, అందులో ఈ ఏడాది నీరు ఉన్నా లేకున్నా. మామూలు చెరువుకు ఈ మట్టం అలుగు పైఅంచుతో సమానం. కాబట్టి నేల మీద ఎఫ్‌టీఎల్‌ను చూడాలంటే అలుగు రాతి మీద చేయి పెడితే చాలు. నీటిపారుదల శాఖ దగ్గర ప్రతి చెరువుకు ఉండే మెమోయిర్‌లో (కొలతల వివరాల పత్రంలో) దీనితో పాటు గరిష్ఠ నీటిమట్టం, కట్ట పై మట్టం, అలుగు పొడవు, తూముల మట్టాలు, పరీవాహక విస్తీర్ణం, ఆయకట్టు ఉంటాయి. పరీవాహకం దగ్గర సొంతంగా వచ్చేది ఎంత, పై చెరువుల ద్వారా వచ్చేది ఎంత అని విడిగా రాసి ఉంటే ఆ రెండు అంకెలూ తీసుకోండి. గొలుసులో మీ చెరువు స్థానాన్ని అవే చెబుతాయి.

కొన్ని పాత చెరువులకు మట్టాలను సముద్రం నుంచి కాక, తూము రాయినో అలుగు రాయినో 100.00గా అనుకుని కొలిచారు. 98.50 వంటి అంకె కనిపిస్తే గాభరాపడకండి. ఏ రాయి నుంచి కొలిచారో అడిగి అదీ రాసుకోండి.

ఇంకొకటి తప్పక చూడండి. అలుగును ఎవరైనా పగలగొట్టారా, గండి కొట్టారా, ఎత్తు తగ్గించారా? అలుగు అడుగు తగ్గితే నీరు అడుగు కిందే ఆగుతుంది. పల్లపు నేలలో ఆ అడుగు తేడాకే ఎకరాల కొద్దీ భూమి తేలుతుంది. కొన్నేళ్లకు అక్కడ నీరెప్పుడూ లేదని వాదన మొదలవుతుంది. మెమోయిర్ అంకె, ఇప్పటి అలుగు మట్టం పక్కపక్కన రాసి పెడితే ఆ వాదన నిలవదు.

హద్దుకు మట్టమే ఆధారమైన అతి పెద్ద ఉదాహరణ కొల్లేరు. 1999లో అభయారణ్యంగా ప్రకటించినప్పుడు అక్కడ హద్దు రాసింది సర్వే నంబర్లతో కాదు, ప్లస్ 5 అడుగుల కాంటూరుతో, అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తున్న చోట్లను కలిపే గీతతో. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో 1209వ నంబరుతో చేరింది, అక్కడ నమోదైన విస్తీర్ణం 90,100 హెక్టార్లు. ఆ తర్వాత ఇన్నేళ్లూ కొల్లేరు చుట్టూ నడిచిన పోరాటం ఎక్కువగా ఆ కాంటూరు అంకె చుట్టూనే.

6. ఐడీ, బఫర్

హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ పరిధిలోని చెరువులకు లేక్ ఐడీలు ఉన్నాయి. 2010లో చెరువుల పరిరక్షణ కమిటీ ఏర్పడ్డాక ఒక్కో చెరువుకు ఎఫ్‌టీఎల్ సర్వే చేసి, ముందు ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాలు విన్నాక తుది నోటిఫికేషన్ ఇచ్చే పద్ధతి వచ్చింది. సంస్థ వెబ్‌సైటులో జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే ఐడీ, పటం కనిపిస్తాయి. మీ చెరువు ప్రాథమిక దశలోనే ఆగిపోయిందా, తుదికి చేరిందా అన్నది ముఖ్యం. ఆ తేదీలు రాసుకోండి. నగరం బయటి చెరువులకు మిషన్ కాకతీయ సర్వేలో నమోదైన వివరాలు నీటిపారుదల శాఖ డివిజన్ కార్యాలయంలో దొరుకుతాయి. ఆ సర్వేలో లెక్కతేలిన చెరువులు 46,531.

ఇక బఫర్, అంటే నీటి హద్దు బయట కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. 10 మీటర్లు మించిన వెడల్పున్న వాగు, నాలా అయితే హద్దు నుంచి 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. నదికి పట్టణ పరిధిలో 50, బయట 100 మీటర్లు. చెరువు విస్తీర్ణాన్ని 9.9 హెక్టార్లుగా చూపించడానికి కొందరు ఎందుకు అంత పట్టుబడతారో ఇప్పుడు అర్థమవుతుంది. 10 దాటితే బఫర్ మూడింతలకు పైగా పెరుగుతుంది.

7. నీటి నాణ్యత తరగతి

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని ఏ నుంచి ఈ వరకు ఐదు తరగతులుగా చూస్తుంది. శుద్ధి ప్లాంటు అక్కరలేకుండా క్రిమిసంహారం చేసి తాగగలిగేది ఏ, స్నానానికి పనికొచ్చేది బీ, శుద్ధి చేసి తాగగలిగేది సీ, చేపలకు, వన్యప్రాణులకు డీ, సాగుకు, పరిశ్రమల శీతలీకరణకు ఈ. కలుషిత నదీ భాగాలను బీఓడీని (నీటిలోని మురికిని విడగొట్టడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్ కొలతను) బట్టి ఐదు ప్రాధాన్యాలుగా విడదీస్తారు. లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటితే మొదటి ప్రాధాన్యం, 3 నుంచి 6 మధ్య ఉంటే ఐదోది. 2018 జాబితాలో మూసీ మొదటి ప్రాధాన్యంలో ఉంది. మీ నీటికి దగ్గరి పరీక్షా కేంద్రం ఏదో రాష్ట్ర మండలి నివేదికల్లో చూసి, దాని కోడ్, చివరి బీఓడీ అంకె పత్రంలో చేర్చితే ఈ వరుస పూర్తయినట్టే.

8. పత్రం నింపండి, లేనివి అడిగి తెచ్చుకోండి

ఒక తెల్లకాగితం మీద ఈ వరుసలో రాయండి: ఊరి వాడుక పేరు, రికార్డు పేరు; గ్రామం, మండలం, జిల్లా; కట్ట మధ్య నుంచి ఫోనులో తీసిన అక్షాంశ రేఖాంశాలు; సర్వే ఆఫ్ ఇండియా పటం (టోపో షీటు) నంబరు; చిత్తడి నేల కోడ్; ఉప బేసిన్ నంబరు; వాటర్‌షెడ్ కోడ్; గొలుసులో పై చెరువు, కింది చెరువు; కలిపే వాగుల వరుస నంబర్లు, శ్రేణి; సర్వే నంబర్లు, శిఖం విస్తీర్ణం; ఎఫ్‌టీఎల్, అలుగు మట్టం; ఐడీ, నోటిఫికేషన్ తేదీలు; బఫర్; నాణ్యత. ప్రతి అంకె పక్కన అది ఏ కాగితం నుంచి, ఏ తేదీన తీసుకున్నారో రాయాలి. ఆధారం లేని అంకెను ఖాళీగా వదిలేయండి. ఊహించి నింపితే ఆ ఒక్క అంకెను చూపించి మొత్తం పత్రాన్నే తోసిపుచ్చుతారు.

ఖాళీలు నింపడానికి సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు 30 రోజుల గడువు. ‘చెరువు వివరాలు ఇవ్వగలరు’ అని రాయవద్దు. తహసీల్దారుకు ఒకటి, నీటిపారుదల శాఖ డివిజన్ ఇంజినీరుకు ఇంకొకటి, విడివిడిగా, సర్వే నంబరు ఉటంకిస్తూ అడగండి: 1954-55 ఖాస్రా పహాణీ ధ్రువీకృత నకలు, మెమోయిర్ నకలు, ఎఫ్‌టీఎల్ సర్వే పటం నకలు. నకలు అడిగితే నకలే ఇవ్వాలి. వివరణ అడిగితే వివరణతో సరిపెడతారు.

రెండు శాఖల అంకెలు కలవనప్పుడు, చాలాసార్లు కలవవు, ఏది సరైనదో మీరు తీర్పు చెప్పనక్కరలేదు. రెంటినీ పక్కపక్కన చూపించి, ఉమ్మడి సర్వే చేయమని జిల్లా కలెక్టరుకు రాయండి. ప్రాథమిక నోటిఫికేషన్ దశలో ఉన్న చెరువు అయితే గడువు లోపలే అభ్యంతరంగా దాఖలు చేయండి. చెరువు పటంలో వచ్చే కాలువ, పోయే కాలువ గీసి లేకపోతే అదే మొదటి అభ్యంతరం కావాలి. మీరు వేసిన వాగు వరుస నంబర్లు, అటూ ఇటూ ఉన్న సర్వే నంబర్లు జతచేసి, వాటిని కూడా నోటిఫికేషన్‌లో చేర్చమని అడగండి. పత్రం నకళ్లు గ్రామ పంచాయతీలో ఒకటి, బడిలో ఒకటి, కింది చెరువు రైతుల దగ్గర ఒకటి ఉంచండి.